కొన్నాళ్లు ఉండి వెళ్లేవాళ్లు చిన్న ఊరిని ఎంతగా మారుస్తారు?

వంతెనమనిషి | సోమవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. ఈ వేదికలో నేను చదవడమే ఎక్కువ, రాసింది తక్కువ. రెండు వారాలుగా ఒక మాట మనసులోంచి పోవడం లేదు. అందుకే మీ ముందు పెడుతున్నాను.

వంతెన పనిమీద పద్నాలుగు నెలలు ఒక చిన్న ఊళ్లో ఉన్నాను. మహా అయితే అరవై గడప ఉంటుంది. మేము నలభై మందిమి వెళ్లాం. నాకూ మరో ఇద్దరికీ బస ఇచ్చిన కుటుంబం ముందుగదులు మాకు వదిలేసి, నలుగురూ వెనక వసారాలోకి సర్దుకున్నారు. అద్దె సొమ్ము వాళ్లకు అవసరమే, మేమూ బాగానే ఇచ్చాం. మధ్యాహ్నం మా పనిచోట మోగే సైరనే కొన్నాళ్లకు ఊరికి గడియారమైంది. చివరికి బడి గంట కూడా దాన్నిబట్టే కొట్టేవారు. ఆ ఇంటి పిల్లవాడికి ఎనిమిదేళ్లు. ఆరు నెలలు తిరిగేసరికి, మలుపు దగ్గర లారీ శబ్దం వినే అది సిమెంటుదో ఇనుముదో చెప్పేవాడు.

పని అయిపోయింది, వచ్చేశాం. మొన్న ఆ పిల్లవాడు ఫోను చేశాడు. వంతెన మీద సైకిలు తొక్కిన సంగతి చెబుతాడనుకున్నాను. "సార్, ఈసారి ఎవరు వస్తారు?" అని అడిగాడు.

ఎవరూ రారని చెప్పడానికి నోరు రాలేదు. మేము అక్కడ వంతెన ఒక్కటే కట్టామనుకున్నాను. ఇంకేమేమి కట్టామో, ఏమేమి కూల్చామో ఇప్పుడు ఆలోచిస్తున్నాను. ఇలాంటివి చూసినవాళ్లు, చదివినవాళ్లు చెప్పండి.

---

గడియారం | సోమవారం, రాత్రి 10.25

దీని గురించి పాత పరిశోధనలు ఉన్నాయండీ. జార్జ్ డాక్సీ అనే ఆయన 1975లో కరేబియన్ దీవి బార్బడోస్‌లోనూ, కెనడాలోని నయాగరా ఆన్ ది లేక్ పట్టణంలోనూ చూసినదాన్నిబట్టి ఒక మెట్ల వరస చెప్పారు. మొదట్లో ఊరివాళ్లకు వచ్చేవాళ్లంటే సంబరం. తరవాత పట్టనట్టు ఉండటం, ఆపైన చిరాకు, చివరికి పగ. అయిదేళ్ల తరవాత, 1980లో, రిచర్డ్ బట్లర్ ఊరి వైపు నుంచి ఇలాంటి వరసే గీశారు. కొత్తవాళ్లు ఊరిని కనిపెట్టడంతో మొదలై, ఊరు వాళ్లకోసం తయారై, పెరిగి పెరిగి ఒకచోట ఆగిపోతుంది. ఆగాక దిగజారవచ్చు, మళ్లీ లేవనూ వచ్చు.

రెండూ పర్యాటకులను దృష్టిలో పెట్టుకుని చెప్పినవే. మీరు చెప్పిన ఊరు ఈ మెట్లలో పూర్తిగా ఇమడదు. ఆ ఊరివాళ్లు సంబరం దశలో ఉండగానే మీరు వెళ్లిపోయారు.

---

నాలుగోగది | మంగళవారం, ఉదయం 6.15

నేను ఇంటి గదులు అద్దెకిచ్చి బతికే మనిషిని. గడియారం గారు చెప్పిన మెట్లు నిజమే కావచ్చు. నాకు మాత్రం ఆ నాలుగూ ఒకే రోజులో వస్తుంటాయి. పొద్దున సంబరంగా ఉంటుంది. రాత్రి పదింటికి తలుపు తడితే చిరాకేస్తుంది.

వచ్చినవాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు, ఈ మాట ముందే చెప్పాలి. ఇబ్బంది వేరేచోట ఉంది. వచ్చినవాళ్లకు అది మొదటి రోజు. ఆ మొదటి రోజునే నేను ఏళ్ల తరబడి గడుపుతున్నాను. "ఇక్కడే పుట్టారా? ఎప్పుడూ విసుగు రాదా?" అని ప్రతివారూ మనసారానే అడుగుతారు. నేనూ మనసారానే జవాబు చెప్పాలి. మా పాప అయిదేళ్లకే ఆ జవాబు నేర్చేసుకుంది. నేను చెప్పే చోటే ఆగి, నేను నవ్వే చోటే నవ్వేది. ఒకరోజు తలుపు చాటు నుంచి విని ఒళ్లు జలదరించింది.

ఒకసారి ఒకాయన పెరట్లో బట్టలు ఆరవేస్తున్న మా అమ్మను ఫొటో తీశాడు. అడిగే తీశాడు, అమ్మ సరేనంది. ఆ మర్నాటి నుంచి అమ్మ బట్టలు ఆరవేయడానికి కూడా తల దువ్వుకుని వెళ్లడం మొదలుపెట్టింది. ఆయన వెళ్లి చాలా ఏళ్లయింది. అమ్మ ఇప్పటికీ దువ్వుకునే వెళుతుంది.

దీన్ని నష్టమనాలో లాభమనాలో నాకు తెలియదు. ఒక్కటి మాత్రం తెలుసు. పెరడు అమ్మకు ఇదివరకటి పెరడు కాదు.

---

ఉలి | మంగళవారం, ఉదయం 8.02

అమ్మగారి సంగతి చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను. కానీ ఈ చర్చ అంతా దిగులువైపే వెళ్లకూడదని ఇది రాస్తున్నాను.

2001 సెప్టెంబరు 11న అమెరికా తన గగనతలాన్ని మూసేసినప్పుడు, కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ దీవి మీది గాండర్ అనే చిన్న పట్టణంలో 38 విమానాలు దిగాయి. ఊరి జనాభా దాదాపు పదివేలు, దిగినవాళ్లు ఆరున్నర వేలకు పైనే. సమ్మెలో ఉన్న బడి బస్సుల డ్రైవర్లు సమ్మె పక్కనపెట్టి బస్సులెక్కారు. బడుల్లో, చర్చిల్లో పక్కలు వేశారు. మంచు హాకీ ఆడే మందిరం సరుకులు చెడకుండా దాచే గిడ్డంగి అయింది. విమానాల సామాను అరల్లో ఉండిపోయిన కుక్కలనూ పిల్లులనూ కూడా వెతికి పట్టించుకున్నారు. వాటిలో రెండు బోనోబో వానరాలున్నాయి. చుట్టుపక్కల చిన్న ఊళ్లూ తలుపులు తీశాయి. లూయిస్‌పోర్ట్ అనే ఊళ్లో ఉన్న ఒక విమానం ప్రయాణికులు తిరుగు ప్రయాణంలోనే, ఇంకా గాల్లో ఉండగానే, ఆ ఊరి పిల్లల చదువు కోసం నిధి మొదలుపెట్టారు.

ఇదీ తాత్కాలికంగా వచ్చినవాళ్ల కథే. ఎన్నేళ్లయినా ఆ ఊళ్లు దాన్ని తమ మంచి రోజులుగానే చెప్పుకుంటాయి.

---

తీరరేఖ | మంగళవారం, మధ్యాహ్నం 1.30

ఉలి గారూ, గాండర్ కథ నాకూ ఇష్టం. అందులో మీరు రాయని సంగతి ఒకటుంది, ఆ అతిథులు ఉన్నది కొద్ది రోజులే. ఎవరూ అమ్మడానికి రాలేదు, కొనడానికీ రాలేదు. ఆపదలో ఉన్న మనిషి గడపలోకి వస్తే ఇల్లు నడిచే తీరు వేరు. బాడుగకు వచ్చే మనిషితో నడిచే తీరు వేరు.

దీనికి అవతలి కొసన ఉన్న కథ సెయింట్ కిల్డా. స్కాట్లాండ్ పడమటి తీరానికి ఆవల, అట్లాంటిక్ మహాసముద్రంలో ఉన్న చిన్న దీవుల గుంపు అది. జనం నిలువెత్తు కొండచరియల మీద తాళ్లతో దిగి సముద్రపు పక్షులను పట్టి బతికేవారు. దొరకు శిస్తు కూడా ఈకలు, నేసిన ఉన్ని బట్ట వంటి సరుకుల్లోనే చెల్లించేవారు. రోజూ పొద్దున మగవాళ్లంతా ఇళ్ల ముందు గుమిగూడి ఆనాడు ఏ పని చేయాలో మాట్లాడుకునేవారు. బయటివాళ్లు ఆ గుంపుకు 'పార్లమెంటు' అని పేరు పెట్టారు. అలా గుమిగూడిన మగవాళ్ల ఫొటో 1886 నాటిది ఇప్పటికీ ఉంది.

1877 నుంచి వేసవిలో పర్యాటకుల ఆవిరి ఓడలు క్రమంగా రావడం మొదలైంది. ఓడ ఆగేది కొద్ది గంటలే. ఆ కొద్ది గంటల కోసం ఊరు సిద్ధమయ్యేది. ఆడవాళ్లు మేజోళ్లు, ఉన్ని బట్ట, పక్షి గుడ్లు అమ్మేవారు. కడుపుకోసం కొండ దిగే మగవాళ్లు ఇప్పుడు చూసేవాళ్ల కోసమూ దిగి చూపించేవారు. చేసేది అదే పని, పట్టేది అదే తాడు. కానీ దిగే వేళను చూడవచ్చినవాళ్లు చెప్పడం మొదలైంది. నాలుగోగది గారి అమ్మగారి గురించి చదివినప్పుడు నాకు ఆ తాడు గుర్తుకొచ్చింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో నౌకాదళం వాళ్లు కొందరు అక్కడికి వచ్చి మకాం పెట్టారు. వాళ్ల వల్ల ఉత్తరాలూ సరుకులూ క్రమం తప్పకుండా అందాయి. యుద్ధం అయిపోయింది, వాళ్లు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లకు ఒంటరితనం అంతకుముందెన్నడూ లేనంతగా తెలిసొచ్చింది. పడుచువాళ్లు ఒక్కొక్కరే వలస పోయారు. 1930 ఆగస్టు 29న చివరి 36 మందీ తామే కోరుకుని ఓడ ఎక్కారు. ప్రతి ఇంట్లో తెరిచిన బైబిలు, గుప్పెడు ఓట్స్ గింజలు ఉంచి తలుపులు వేశారు.

అంతా పర్యాటకుల వల్లనే జరిగిందని నేను అనను. జబ్బులున్నాయి, పురిటి పిల్లల మరణాలున్నాయి, 1852లోనే 36 మంది ఆస్ట్రేలియాకు వలస వెళ్లడం ఉంది. కానీ వంతెనమనిషి గారూ, మీ పిల్లవాడి ప్రశ్న నాకు కొత్తగా అనిపించలేదు. నౌకాదళం వెళ్లిన మర్నాడు సెయింట్ కిల్డా ఒడ్డున నిలబడిన పిల్లలు కూడా అదే అడిగి ఉంటారు.

---

తెల్లకాగితం | మంగళవారం, రాత్రి 8.50

వృత్తిరీత్యా నర్సును. తీరరేఖ గారు రాసిన దీవిలో పడవ వచ్చి వెళ్లగానే ఊరంతటికీ దగ్గు పట్టుకునేది. వాళ్లు దాన్ని 'పరాయివాళ్ల దగ్గు' అనేవారు. బయటి పండితులు చాలామంది నమ్మలేదు. కానీ దక్షిణ అట్లాంటిక్‌లో రెండు వందల పైచిలుకు జనం ఉండే ట్రిస్టన్ డా కున్యా దీవిలో, జలుబులు ఓడ రాకను వెన్నంటే వస్తున్నాయని వైద్యులు లెక్కగట్టి చూపించారు. చిన్న ఊళ్లో జనం చాలక కొన్ని జబ్బులు నిలవలేవు. బయటి నుంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ కొత్తగా అంటుకుంటాయి.

నేను అసలు చెప్పదలచుకున్నది ఇంకొకటి. పర్యాటకుల గురించే అందరూ రాస్తారు. పనిమీద వచ్చే పెద్ద శిబిరాల గురించి తక్కువగా మాట్లాడతాం. అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రపు విలిస్టన్ పట్టణం చూడండి. చమురు పని ఊపందుకున్నాక 2010లో 14,716 ఉన్న జనాభా 2020 నాటికి 29,160 అయింది. ఇది జనగణన లెక్కల్లో ఉన్నవాళ్ల సంగతి. శిబిరాల్లో, బండ్లలో తలదాచుకుని వెళ్లినవాళ్లు వేరే. అద్దెలు ఆకాశానికి లేచాయి. జీతం పెరగని టీచరు, ముసలి విధవ, ఆసుపత్రిలో నాలాంటి మనిషి ఆ అద్దె ఎక్కడినుంచి తెస్తారు?

కెనడాలో అదృశ్యమైన, హత్యకు గురైన మూలవాసి స్త్రీల మీద జరిగిన జాతీయ విచారణ 2019లో నివేదిక ఇచ్చింది. గనులు, చమురు పనుల కోసం వెలిసే మగవాళ్ల శిబిరాలు పక్కనున్న స్త్రీలకు ప్రమాదం పెంచుతున్నాయని అందులో స్పష్టంగా ఉంది. పద్నాలుగు నెలలు, నలభై మంది మగవాళ్లు, అరవై గడపలు. వంతెనమనిషి గారూ, మీ మీద అనుమానంతో అడగడం లేదు. ఆ ఊరి ఆడపిల్లలు ఆ పద్నాలుగు నెలలూ చీకటిపడ్డాక బయటికి ఎప్పటిలాగే వచ్చారా?

---

వంతెనమనిషి | మంగళవారం, రాత్రి 9.35

లేదండీ. బావి దగ్గరికి వెళ్లే వేళ మార్చుకున్నారు. మేము పనికి వెళ్లాకే వెళ్లేవారు. నేనది రోజూ చూశాను. ఎందుకని ఒక్కరోజూ అనుకోలేదు.

---

నిర్వాహకులు | మంగళవారం, రాత్రి 9.50

చర్చ మంచిగా సాగుతోంది. ఒక్క మనవి: సొంత అనుభవాలు రాసేటప్పుడు ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు రాయకండి.

---

ఉలి | బుధవారం, ఉదయం 7.20

తెల్లకాగితం గారి ప్రశ్న నాకు తట్టనే లేదు. గాండర్ గురించి రాసినప్పుడు మంచివైపు మాత్రమే చూశాను, ఒప్పుకుంటున్నాను. అయినా ఒకటి అడుగుతాను. రావడమే తప్పంటే ఈ ఊళ్లు ఎలా బతకాలి? ఉన్న పని పోయి, పడుచువాళ్లు వెళ్లిపోయాక వచ్చేవాళ్ల సొమ్మే ఆధారమైన ఊళ్లు లోకంలో బోలెడు. వాళ్లకు "ఎవరినీ రానివ్వకండి" అని దూరాన కూర్చుని చెప్పడం సులువు.

---

గడియారం | బుధవారం, ఉదయం 9.10

ఈ ప్రశ్నకు హాల్‌స్టాట్ మంచి ఉదాహరణ. ఆస్ట్రియాలో సరస్సు ఒడ్డున ఉన్న ఊరు, జనాభా ఎనిమిది వందల లోపు. వేల ఏళ్ల నాటి ఉప్పు గనికి పేరుపొందింది, 1997లో యునెస్కో జాబితాకెక్కింది. రద్దీ రోజున పదివేల మంది దాకా వస్తారు. 2012లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో ఆ ఊరికి నకలు కూడా కట్టారు. పర్యాటకుల బస్సులు ముందుగా వేళ నమోదు చేసుకుని రావాలని 2020లో నియమం పెట్టారు. 2023లో జనం ఫొటోల కోసం ఎగబడే చోట చెక్క కంచె కట్టి సరస్సు కనబడకుండా చేశారు. విమర్శలు రాగానే తీసేశారు.

ఆ కంచె గురించి నేను చాలా ఆలోచించాను. ఊరి అందమే ఊరి ఆదాయం. దాన్ని ఊరివాళ్లే పలకలు కొట్టి మూసుకున్నారు. మనిషి ఎంత అలసిపోతే ఆ పని చేస్తాడు! అలాగని ఆదాయాన్ని పూర్తిగా వదులుకోలేరు, అందుకే తీశారు. ఉలి గారు అన్నదీ, నాలుగోగది గారు అన్నదీ ఒకే ఊళ్లో, చాలాసార్లు ఒకే ఇంట్లో ఉంటాయి.

---

చిట్టడవి | బుధవారం, మధ్యాహ్నం 12.45

జర్మనీలో ఒబరామర్‌గౌ అనే ఊరుంది. జనాభా అయిదు వేలకు కొంచెం ఎక్కువ. 1633లో ప్లేగు వచ్చినప్పుడు, ఈ గండం గడిస్తే క్రీస్తు కథను పదేళ్లకోసారి నాటకంగా ఆడతామని మొక్కుకున్నారు. 1634లో మొదలుపెట్టారు, ఇప్పటికీ ఆడుతున్నారు. 2020లో పడవలసిన ఆట కరోనా వల్ల 2022కు వెళ్లింది. చూడటానికి లక్షల్లో వస్తారు. ఇంచుమించు సగం ఊరు ఏదో ఒక విధంగా నాటకంలో ఉంటుంది.

నాకు నచ్చిన విషయాలు రెండు. ఆ ఊళ్లో పుట్టినవాళ్లకు, లేదా ఇరవై ఏళ్లుగా ఉంటున్నవాళ్లకు మాత్రమే వేషం ఇస్తారు. డబ్బున్న అతిథి కొనుక్కోలేడు. రెండోది, పదేళ్లకోసారే. మధ్యలో ఊరికి ఊరి బతుకు ఉంటుంది. మగవాళ్లు నాటకానికి ముందు ఏడాది నుంచే జుట్టూ గడ్డమూ పెంచుతారు. ఊరంతా పెరుగుతున్న గడ్డాలతో తిరుగుతుంటే, అతిథుల రాక నెలల ముందే వీధిలో కనిపిస్తుంది కదా!

అన్నీ మంచివే అనను. పెళ్లయిన ఆడవాళ్లు వేషం వేయకూడదనే పాత నియమం 1990లో కోర్టుదాకా వెళ్తేగానీ పోలేదు. మా సంప్రదాయం, మా ఊరు అనే మాటలతో సొంత మనుషులనే బయట నిలబెట్టవచ్చు.

---

తీరరేఖ | బుధవారం, సాయంత్రం 5.05

చిట్టడవి గారు చెప్పిన "పదేళ్లకోసారే" అన్నది ముఖ్యం. వేళ ఊరి చేతిలో ఉంది.

వంతెనమనిషి గారు మొదట అడిగింది వదిలి వెళ్లినవాటి గురించి. పసిఫిక్ మహాసముద్రంలోని వనువాటు దేశంలో ఎస్పిరిటు సాంటో అనే దీవి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం అక్కడ పెద్ద స్థావరం కట్టింది. ఇప్పుడు ఆ దీవిలో ముఖ్యపట్టణమైన లుగన్‌విల్ ఆ స్థావరం నుంచి పెరిగినదే. యుద్ధం అయ్యాక మిగిలిన సామగ్రి కొనమని అప్పటి బ్రిటిష్, ఫ్రెంచి పాలకులను అడిగారు, బేరం కుదరలేదు. జీపులు, లారీలు, బుల్‌డోజర్లు వరసగా సముద్రంలోకి తోసేశారు. ఆ చోటును మిలియన్ డాలర్ పాయింట్ అంటారు. దీవివాసులు ఒడ్డున నిలబడి చూశారు. వాళ్లకు కావాలా అని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఆ మునిగిన లారీలను చూడటానికి ఈతగాళ్లు వస్తారు. ఒక అతిథి పారేసినది చూడటానికి మరో అతిథి.

---

నాలుగోగది | బుధవారం, రాత్రి 10.10

ఉలి గారూ, మీరు అడిగినదానికి నా బతుకులోంచి చెబుతాను. రావద్దని నేను ఎప్పటికీ అనను. వచ్చినవాళ్ల సొమ్ముతోనే పాపను చదివిస్తున్నాను. నాకు కావలసింది "ఈరోజు వద్దు" అనగలగడం.

ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవులవాళ్లు 2019 ఏప్రిల్‌లో ఒక పని చేశారు. కొన్ని పేరున్న చోట్లను మరమ్మతు కోసమని రెండు రోజులు మూసి, పర్యాటకులను రావద్దన్నారు. పని చేయడానికైతే రమ్మన్నారు. వంద మంది వచ్చి కాలిబాటలు బాగుచేశారు. పసిఫిక్‌లోని పలావు అనే చిన్న దీవుల దేశం 2017 నుంచి, వచ్చినవాళ్ల పాస్‌పోర్టులో ఒక ప్రమాణం అచ్చువేసి సంతకం చేయిస్తోంది. అది తమ పిల్లలకు అతిథి ఇచ్చే మాట. దాని రచనలో పిల్లల పాత్ర కూడా ఉంది. ఇవి చదివి నేను కిందటేడు నుంచి ఏడాదిలో ఒక నెల గదులు ఇవ్వడం మానేశాను. మొదటి వారం ఇంట్లో ఏం చేయాలో మాకే తోచలేదు. రెండో వారం పాప ముందుగదిలో నేలమీద పడుకుని బొమ్మలు వేసుకుంది. ఆ గదిలో అది పడుకోవడం నేను అదే మొదటిసారి చూశాను.

వంతెనమనిషి గారూ, మీకు ఇల్లిచ్చినవాళ్లు ముందుగదుల్లోకి మళ్లీ వెళ్లారా?

---

వంతెనమనిషి | గురువారం, రాత్రి 9.15

నిన్న మీ ప్రశ్న చదివి ఇవాళ ఫోను చేశాను. వెళ్లలేదు. ఇంకా వెనక వసారాలోనే ఉన్నారు.

ఎందుకని అడిగితే మొదట ఆ ఇంటావిడ సరిగా చెప్పలేదు. మళ్లీ ఎవరైనా వస్తారేమో, ఖాళీగా ఉంచితే మంచిదని అనుకున్నారట. తరవాత అసలు సంగతి చెప్పింది. రెండో గది తాళంచెవి మాతోనే వచ్చేసిందట. లోపల మా పాత బల్లలు, నకలు పటాల చుట్టలు ఉన్నాయి. అడగడానికి మొహమాటపడ్డారు. తాళం పగలగొట్టడానికీ మనసొప్పలేదు, మా సామాను కదా అని. వాళ్ల ఇల్లే, వాళ్ల తలుపే.

సామానుల పెట్టె అంతా తిరగేశాను. కొలత టేపు కింద దొరికింది. ఆమె కట్టిన ఎర్రదారం ఇంకా దానికి అలాగే ఉంది.

పిల్లవాడితోనూ మాట్లాడాను. "ఎవరూ రారు, నాన్నా. ఆ గది మీదే" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. "సైరన్ కూడా రాదా?" అన్నాడు. రాదన్నాను. అయితే బడి గంట ఇప్పుడు ఎవరు చెబితే కొడుతున్నారని అడిగాను. వాళ్ల టీచరు చేతి గడియారం చూసి కొడుతున్నారట.

తాళంచెవి తీసుకుని, బల్లలు తెచ్చేసుకోవడానికి ఆదివారం బయలుదేరుదామనుకుంటున్నాను.

---

నాలుగోగది | గురువారం, రాత్రి 9.40

ఆదివారం వాళ్లకు కుదురుతుందో లేదో అడిగారా?

---

వంతెనమనిషి | శుక్రవారం, ఉదయం 7.30

అడగలేదు. ఇప్పుడే అడిగాను. ఆదివారం వద్దు, బుధవారం రమ్మన్నారు.